వేలు తడపని ఇల్లు

మామగారి ఎదుట ఎవరైనా వేలు నాలుకకు అద్దుకుని పేజీ తిప్పారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. "వేలు!" అని ఆయన వేసే కేకకు పక్కింటి కుట్టుమిషను ఆగిపోయేది.

కోడలు కాపురానికొచ్చిన రోజున అందరూ ఆమెకు చెప్పిన జాగ్రత్త అదొక్కటే. వెనక గదిలో గోడ పొడుగునా అరల నిండా పాత వారపత్రికలు, మాసపత్రికలు. మామగారు వాటి తుప్పు పిన్నులు ఊడదీసి, దారంతో కుట్టి, చిరుగులకు పల్చటి కాగితం అతికించి, కట్టలు కట్టి బట్టలో చుట్టేవారు. చదువుకోవడానికి అడిగితే కాదనేవారు కాదు. కాకపోతే ఎదురుగా కుర్చీ వేసుకుని, చదివేవాళ్ల చూపుడు వేలినే చూస్తూ కూర్చునేవారు.

"కథలో కంటే ఈయన మొహంలోనే సస్పెన్సు ఎక్కువమ్మా" అనేది అత్తగారు.

ఒకసారి కోడలి తండ్రి ముచ్చటపడి ఓ సంచిక తీశారు. వేలు నోటి దాకా వెళ్లింది.

"వేలు!"

పాపం, ఆయన ఉలిక్కిపడి తన వేలు తానే కొరుక్కున్నారు.

"కాగితాల మీదున్న ప్రేమలో పిసరంత మనుషుల మీద ఉంటేనా!" అని కోడలు ఆ రోజంతా మొగుడి మీద రుసరుసలాడింది.

అలాంటి ఇంట్లో, ఓ మధ్యాహ్నం ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి, పాకే వయసు కూతురు వెనక గదిలో కింది అర కట్ట లాగి, కాగితాలు బొమ్మలతో సహా నములుతోంది. కోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. చిరిగిన ముక్కలు దాచబోతుంటే గుమ్మంలో మామగారు.

"మావయ్యగారూ, తప్పు నాదే..."

ఆయన పత్రిక వంక చూడనైనా లేదు. నేల మీద చతికిలబడి, మనవరాలి నోట్లోంచి కాగితం ముద్ద బయటికి తీశారు.

"ఏ అరలోది? చెప్పమ్మా, ఏ అర?"

"కింది అర..."

"హమ్మయ్య!" ఆయన గోడకు జారగిలబడ్డారు. "పైవాటికి పురుగుల మందు చల్లాను. ఇది పాకడం మొదలెట్టాక కిందివన్నీ శుభ్రంగా తుడిచేసి, మందు మానేశా."

"అయితే ఇన్నాళ్లూ వేలు వేలు అని అరిచింది..."

"నాలుక్కి మందు తగిలితే ఏమన్నా ఉందా? కాగితానిదేముంది, అతికించుకుంటా."

"ముందే చెప్పొచ్చుగా!"

"మందని తెలిస్తే మీ అత్తయ్య వాటితోపాటు నన్నూ వీధిలో పెట్టేది."

కోడలు కింది కట్టలు విప్పి చూసింది. పై అరల్లో పట్టని పెద్ద సైజువి, అన్నిటికన్నా పాతవి, ఆయన ప్రాణంగా చూసుకునేవి. పురుగులు వాటిని జల్లెడ చేసి పెట్టాయి. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే ఆయనంటే బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"పాప ఏ పేజీలు పాడుచేసింది, మావయ్యగారూ?"

ఆయన కళ్లజోడు సవరించుకుని ముద్ద విప్పి చూశారు.

"సీరియల్ ఆఖరి భాగం. కథానాయికను రచయిత అన్యాయంగా చంపేశాడు." మనవరాలి మూతి తుడుస్తూ తీరిగ్గా అన్నారు. "పోనీలే. ఆ ముగింపు నాకూ మింగుడుపడలేదు."