పాలు పొంగని ఇల్లు

ఆ రోజుల్లో ఏ పనికైనా ముందు ఒక పట్టిక రాసుకుంటే సగం పని అయిపోయినట్టేనని నాకు గట్టి నమ్మకం. మిగతా సగం ఎవరు చేస్తారన్న ప్రశ్న మాత్రం నా పట్టికల్లో ఎప్పుడూ ఉండేది కాదు. ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగంలో చేరి రెండేళ్లయిందో లేదో, కోటబొమ్మాళిలో స్టేషన్‌కి వెళ్లే దారిలో అమ్మ పేరున ఉన్న జాగాలో రెండు గదులూ ఒక వంటిల్లూ కట్టించాను. అద్దెకివ్వాలి, ఆ అనుభవంతో రెండోది కట్టాలి, ఆ తర్వాత మూడోది. (అయిదో ఇంటికి రంగు కూడా ఎంచుకున్నాను. మొదటి ఇంటికి అప్పటికింకా కిటికీ తలుపులు బిగించలేదు.)

దీనికంతటికీ అడ్డు మా మావ, అంటే అమ్మకు అన్న. ఆషాఢంలో మా వైపు ఎవరూ ఇల్లు మారరు. సరిగ్గా ఆ రోజుల్లోనే, నాట్లకు ముందు, ఎరువు బస్తాలు దించుకోవడానికి ఆయనకు పొడి చోటు కావాలి. ఈ రెంటినీ ముడివేసి మావ ఒక షరతు పెట్టాడు. "ఒరే అల్లుడా, ఆసాడం వచ్చీలోపల నీ ఇంట్లో మనుసులు దిగితే సరే. నేదంటే నా బస్తాలు దిగుతాయి. ఒకపాలి దిగినాక అవి మరి లెగవు, ముందే సెప్తన్నాను." అమ్మ నన్ను అడగకుండానే ఒప్పేసుకుంది. కొత్త గోడలకు యూరియా వాసన పట్టిన ఇంట్లోకి ఆ తర్వాత ఎవరు వస్తారు? అయిదిళ్ల యజమాని కావలసినవాణ్ణి, ఒక్క గొడౌనుకు కాపలాదారుగా మిగిలిపోతానన్న భయం పట్టుకుంది.

ఆ భయంలో మామూలు మనిషైతే నలుగురికీ చెప్పి ఉంచేవాడు. నేను ముప్పై నాలుగు ప్రశ్నలతో ఒక దరఖాస్తు తయారుచేశాను. ప్రతి జవాబుకూ మార్కులు. నూటికి డెబ్బై దాటితేనే తాళంచెవి. మొదట వచ్చిన గుమాస్తా పన్నెండో ప్రశ్న దగ్గర ("గోడకు మేకులు కొట్టే అలవాటు ఉందా? రోజుకు ఎన్ని?") మంచినీళ్లు తాగి వస్తానని వెళ్లి తిరిగి రాలేదు. రెండో ఆయన బడిపంతులు. దరఖాస్తు తీసుకుని ఎర్ర కలంతో దిద్ది, "తొమ్మిదో ప్రశ్నా ఇరవైమూడోదీ ఒకటే" అని రాసి, నాకే ముప్పై ఎనిమిది మార్కులు వేసి ఇచ్చాడు.

ఆషాఢం నాలుగు రోజుల్లో వస్తుందనగా అప్ప వచ్చింది. మా వైపు అప్ప అంటే అక్క. కళింగపట్నం నుంచి ఎండుచేపలు తెచ్చి మా సంతలో అమ్మే ఆవిణ్ణి ఊరంతా అప్ప అనే పిలిచేది. సంత దగ్గరే సరుకుకు ఒక కొట్టు ఉంది, తనకూ మొగుడికీ తలదాచుకోవడానికి ఇల్లు కావాలంది. దరఖాస్తు చాపాను.

"నాకు సదువు రాదు బావూ. నువ్వు సదువు, నాను సెప్తాను."

మొదటి ప్రశ్న చదివాను: "కుటుంబ సభ్యులెందరు?"

"ఇద్దరం. నీకు పెళ్లయినాదా?"

"లేదండీ."

"ఎందుకవలేదు? జీతం సాలదా? నుయ్యి ఎండాకాలం ఎండుతాదా? పక్కింటోలు తగువులు ఆడతారా?"

అయిదు నిమిషాల తర్వాత చూసుకుంటే జవాబులన్నీ నేనే చెబుతున్నాను. చివరికి ఆవిడే తేల్చేసింది. "ఫరవానేదు. ఎల్లుండి మంచిరోజంట, పాలు పొంగించుకుంటాను." నేను ఎన్ని మార్కులతో గట్టెక్కానో ఇప్పటికీ తెలియదు.

ఎల్లుండి పొద్దున్నే అప్ప కొత్త గిన్నె, పాలు, పసుపు కుంకుమలతో దిగింది. సామాను మాత్రం పాలు పొంగాకే వస్తుందట. మంచి ఘడియ పదీ నలభైకి ముగుస్తుంది, ఆషాఢంలోపు మరొకటి లేదు. గేటు బయట అప్పటికే బస్తాలతో మావ ట్రాక్టరు ఆగి ఉంది. "నీ మీద నమ్మకం నేక కాదురా, దారిలో ఉన్నాదని ఆగినాను" అన్నాడు మావ, గడియారం చూసుకుంటూ.

ఇక్కడ నా వంటింటి గురించి చెప్పాలి. పైకప్పు నల్లబడకూడదని అందులో గ్యాసు, కట్టెలు నిషేధించాను (ఒప్పందం, పదిహేడో షరతు). కరెంటు పొయ్యి నేనే ఇచ్చాను. వేడి హద్దు దాటితే కరెంటు దానంతటదే ఆగిపోయే పరికరం ఒకటి సొంతంగా తయారుచేసి, ఎవరూ పీకకుండా గోడలో పెట్టి టైలు అంటించేశాను. ఆ ఇంట్లో పాలు పొంగి పోవడమన్నది జరగదని గర్వంగా రాసుకున్నాను కూడా.

నిజంగానే జరగలేదు. పాలు అంచుదాకా లేచాయి. అందరూ చేతులు జోడించారు. గోడలో నా పరికరం టక్కుమంది. పాలు దిగిపోయాయి. రెండోసారీ అంతే. మూడోసారికి వీధిలోవాళ్లు సగంమంది వంటింటి గుమ్మంలో ఉన్నారు. "వచ్చె, వచ్చె, వచ్చె... పోనాది" అని ఒకాయన కిటికీలోంచి వెనకవాళ్లకు వివరిస్తున్నాడు.

"ఇదేటి బావూ, పాలు పొంగని ఇల్లు కట్టినావు!" అప్ప గిన్నెలోకి తొంగి చూసింది. "నాను దీంట్లో ఎలాగ కాపరం సేస్తాను?"

"పదీ ముప్పై" అన్నాడు మావ.

పక్కింటి గ్యాసుపొయ్యి తెస్తానన్నాను. "ఒకలింటి పొయ్యి మీద నా పాలు పొంగిస్తావేటి?" అని కసిరింది. పెరట్లో మిగిలిన ఇటుకలు మూడు తెచ్చి వంటింటి నడుమ పెట్టింది. కానీ రాత్రి వానకు పుల్లలన్నీ తడిసి ఉన్నాయి. ఆ ఇంటి మొత్తానికి పొడిగా ఉన్నది నా చేతిలోని ఫైలు ఒక్కటే: ఇరవై దరఖాస్తులు, పదహారు పేజీల ఒప్పందం.

"ఆ కాయితాలు బేగి ఇలా తే."

"అప్పా, సంతకాలు కాలేదు. పదిహేడో షరతు ప్రకారం..."

"పదీ ముప్పై ఆరు" అన్నాడు మావ. బయట ట్రాక్టరు స్టార్టయింది.

ఒక్కో కాగితం నేనే అందించాను. పదిహేడో షరతు అన్నిటికంటే బాగా మండింది. పొగ లేచి, పైకప్పుకు కాపలాగా నేను బిగించిన పొగ అలారం వీధి అదిరేలా మోగింది. "మేళం నేదనుకున్నాను, అదీ పెట్టించినాడు మా అల్లుడు" అన్నాడు మావ. ఆ మోతలో పాలు లేచి, ఆగకుండా, నాలుగు వైపులా పొంగి నా కొత్త టైళ్ల మీద పారాయి. అప్ప కళ్లు తుడుచుకుంది. పొగవల్లనని చెప్పింది. నేనూ అదే చెప్పాను.

(బస్తాలు ఎక్కడ దిగాయంటారా? అమ్మ నా పడకగది చూపించింది. నాట్లయ్యేదాకా యూరియా మీదే పడుకున్నాను.)

ఇదంతా జరిగి ఏడేళ్లు. రెండో ఇల్లు ఇంకా కట్టలేదు. వంటింట్లో నల్లటి మచ్చపడ్డ టైలు మారుస్తానంటే అప్ప ఒప్పుకోదు. కొత్త ఒప్పందం రాసుకుందామంటే, "అప్పుడు రాసినావు కదేటి, కాల్సేసినాం కదేటి" అంటుంది. ఆనాటి ఫైల్లో అంచు కాలిన కాగితం ఒక్కటి మిగిలింది. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. ముప్పై నాలుగో ప్రశ్న: "ఎంతకాలం ఉండదలిచారు? (నెలల్లో)". ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడి కనిపిస్తే నిద్రపట్టని ఆ కుర్రవాడు నాలో ఇంకా ఉన్నాడు. అయినా దాన్ని నింపమని అప్పను ఇంతవరకూ అడగలేదు.