అందిందని నేను చెప్పిన మెయిలు

నా సర్వర్‌ను ఎవరైనా ఒక్క మాట అంటే నాకు పడదు. నన్ను అన్నా ఊరుకుంటానేమో గానీ దాన్ని అంటే ఊరుకోను. తప్పు దానిది కాదని నిరూపించేదాకా నాకు అన్నం సయించదు. ఈ గుణం వల్ల ఒక పెద్దమనిషిని వీధిలో నిలబెట్టి అవమానించాను. ఆ సంగతే ఇది.

బంగారు మైన్లు మూతపడ్డాక చాంపియన్ రీఫ్స్‌లో గని కూలీల లైన్లలో చాలా ఇళ్ళకు తాళాలు పడ్డాయి. మిగిలిన ఇళ్ళ వాళ్ళం తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, ఏదో ఒక పని చేసి, చీకటి పడ్డాక దిగేవాళ్ళం. నా పని ఒక ఆఫీసులో సర్వర్లు చూసుకోవడం. నలుదిక్కులా చెదిరిపోయిన మా లైన్ల వాళ్ళకోసం ఒక మెయిలింగ్ లిస్టు పెట్టాలన్న ఆలోచన నాదే. ఒక అడ్రసుకు కబురు పంపితే లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ సర్వరే విడివిడిగా మెయిలు పంపుతుంది. ఒక చిన్న లైనక్స్ సర్వర్ అద్దెకు తీసుకుని, రాత్రి వండిన చద్ది తింటూ ఆదివారాలు కూర్చుని, దాన్ని నేనే నిలబెట్టాను. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, ఉద్యోగాల కబుర్లు పోతాయనుకున్నాను. పోయినవి దాదాపు అన్నీ చావు కబుర్లే. గని దుమ్ము మింగిన ఊపిరితిత్తులు ఎన్నాళ్ళని ఆడతాయి?

పెద్దవాళ్ళకు మెయిలు చూడటం కూడా నేనే నేర్పాను. చర్చి హాల్లో బెంచీలు వేసి, ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని మౌసు తిప్పించాను. రాళ్ళు పగలగొట్టిన చేతులు ఆ మౌసును గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకునేవి.

మా ఎదురింటి పెద్దమ్మ మాకు చుట్టం కాదు, కానీ నేను ఆమె చేతి సంగటి తిని పెరిగాను. ఆమె భర్త గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఆయనకు పనిలో ఒక జోడీ ఉండేవాడు, ఆయనకన్నా రెండు మూడేళ్ళు చిన్న. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని. ఒకసారి లోతులో బండ పేలి, దారి మూసుకుపోయి, ఇద్దరూ రెండు షిఫ్టుల పాటు లోపలే చిక్కుకున్నారు. ఆ చీకట్లో ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారట, ఎవరు ముందు పోతే వాళ్ళ పెట్టెను తలవైపు రెండోవాడే మొయ్యాలని. ఈ కథ పెద్దమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

మైన్లు మూశాక చిన్నాయన బెంగళూరులో వాచ్‌మన్‌గా చేరాడు. ఏజెన్సీ వాళ్ళు రెండు నెలలకొక చోటికి మార్చేవాళ్ళు. ఫోన్ నంబరు ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో దేవుడికే తెలియాలి. అతని దగ్గర మారనిది నేను పెట్టించిన మెయిల్ అడ్రసు ఒక్కటే. డ్యూటీ చేసే చోట ఎవరి కంప్యూటరైనా అడుక్కుని వారానికి రెండు మూడుసార్లు చూసుకునేవాడు.

పెద్దమ్మ భర్త ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పోయాడు. పెద్దమ్మ ఏడుపు ఆపుకుని ముందు నా దగ్గరికే వచ్చింది. ఆమె చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. చివర్న చిన్నాయనకు ఒక వాక్యం చేర్చమంది: నువ్వు వచ్చేదాకా మూత వేయం.

ఆరోజు కాక మర్నాడు సాయంత్రం సమాధుల దగ్గర ఆమె నావైపు తిరిగి, పోయిందా పాపా అని అడిగింది. ఫోన్లో సర్వర్ లాగ్ తెరిచాను. ఏ మెయిలు ఎప్పుడు ఎక్కడికి పోయిందో సర్వర్ రాసుకునే చిట్టా అది. చిన్నాయన అడ్రసు పక్కన పంపేశాను, అవతలివాళ్ళు తీసుకున్నారు అని స్పష్టంగా ఉంది. అవతలి సర్వర్ తీసుకోవడం వేరు, మనిషి కంట పడటం వేరు. ఆఫీసులో కొత్తవాళ్ళకు ఈ తేడా నేనే పాఠంలా చెబుతాను. కానీ ఆ పూట నా నోటినుంచి వచ్చిన మాట వేరు.

"అందింది పెద్దమ్మా."

వెలుతురు పోయేదాకా చిన్నాయన కోసం చూశారు. పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. చివరికి పెట్టెను తలవైపు ఇంకెవరో పట్టుకున్నారు. పెద్దమ్మ ఇంటికొచ్చి, గోడమీద ఇద్దరు మగవాళ్ళూ హెల్మెట్లతో నిలబడిన ఫోటో తీసి ట్రంకులో పడేసింది. అందినాక కూడా రానివాడు ఇంగ మనిషేనా అన్నది. మళ్ళీ అతని ఊసెత్తలేదు.

మూడు వారాలు దాటాక చిన్నాయన వచ్చాడు. రైల్వే ప్లాట్‌ఫామ్ మీద మా లైను మనిషి ఎవరో కలిసి చెబితే తెలిసిందట. వీధి మొదలునుంచే ఏడుస్తూ వచ్చాడు. పెద్దమ్మ తలుపు తీయలేదు. పాప అందిందని చెప్పింది, నాకు ఆ మాట చాలు అని లోపలినుంచే అన్నది. అతను నావైపు తిరిగాడు.

"నాకు ఏదీ రాలేదు పాపా. ఒట్టు. రెండు నెలలుగా లిస్టులో ఒక్క చావు కబురు లేదు. దేవుడు మనోళ్ళను చల్లగా చూస్తా ఉండాడు అనుకున్నా."

అబద్ధం కూడా ఇంత అందంగా ఆడతారా అనిపించింది నాకు. ఆ రెండు నెలల్లో లిస్టులో చావులకు కొదవలేదు. లాప్‌టాప్ తెచ్చి, వీధిలోనే, పదిమంది చూస్తుండగా లాగ్ తెరిచి అతని అడ్రసు మీద వేలు పెట్టి చూపించాను. అతను ఆ ఇంగ్లీషు అక్షరాలను చాలాసేపు చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఉద్యోగం కూడా మానేసి టేకల్‌లో కూతురింట్లో ఉన్నాడని తర్వాత తెలిసింది.

నా సర్వర్ గెలిచింది. అయినా ఆరోజు నాకు ముద్ద దిగలేదు. చీకట్లో ఇచ్చిన మాట కోసం బతికిన మనిషి ఒట్టు పెట్టి అబద్ధం ఎందుకాడతాడు?

మరుసటి ఆదివారం ప్రార్థన కాగానే కూర్చున్నాను. వరసలో ఆగిపోయిన మెయిళ్ళేమైనా ఉన్నాయా అని చూశాను, లేవు. సర్వర్ పేరూ అడ్రసూ సరిగ్గా ముడిపడి ఉన్నాయి. దొంగ మెయిళ్ళు పంపే సర్వర్ల జాబితాల్లో వెతికాను, మాది లేదు. నా సొంత అడ్రసుకు ఒక పరీక్ష మెయిలు పంపితే నిమిషంలో వచ్చి కూర్చుంది. అన్నీ బాగున్నాయి, మనిషికి మాత్రం అందలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి మెయిల్ సర్వర్‌కూ ఫిర్యాదులు వచ్చి పడే ఒక అడ్రసు ఉంటుంది. మొదటిరోజు నేనే పెట్టాను, ఆ తర్వాత దాని మొహం చూడలేదు. తెరిచాను. వందల కొద్దీ ఉన్నాయి. మీ లిస్టు పంపిన మెయిలును మా ఖాతాదారు స్పామ్ అని, అంటే పనికిరాని చెత్త అని, నొక్కాడు అని మెయిల్ కంపెనీలు పంపిన చీటీలు. చీటీల్లో ఎవరు నొక్కారో చెరిపేసి ఉంటుంది గానీ, నా సర్వర్ ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు వేసి పంపుతుంది. ఆ గుర్తులు పట్టుకుని పేర్లు రాసుకుంటూ పోయాను. సంఘ పెద్దలు. పాట పాడే వాళ్ళు. పెద్దమ్మ భర్త, ఆయన పోకముందు. మా అమ్మ. చిన్నాయన అయితే వచ్చిన ప్రతి మెయిలునూ నొక్కాడు, రెండు నెలల కిందటి దాకా. ఆ తర్వాత అతని పేరుమీద చీటీలు లేవు.

కాగితం పట్టుకుని వంటింట్లోకి పోయాను. అమ్మ సంగటి కెలుకుతోంది. మన లిస్టు మెయిళ్ళను ఎందుకు స్పామ్ అని నొక్కావని అడిగాను. ఆమె కట్టె కూడా ఆపలేదు.

"చావు కార్డు ఇంట్లో పెట్టుకుంటారా యాడన్నా? చదివినాక చింపేసేది కదా. దీన్ని చింపేదానికి అయ్యేది కాదు. నువ్వే కదమ్మా హాల్లో చెప్పినావు, ఇంట్లో ఉండకూడని ఉత్తరం వస్తే ఈ బటన్ నొక్కండి అని."

అవును, చెప్పాను. లాటరీ తగిలిందని వచ్చే మోసపు మెయిళ్ళ గురించి, అర్థమయ్యే మాటల్లో చెబుతున్నానని మురిసిపోతూ చెప్పాను. మేము ప్రభువును నమ్ముకుని మూడు తరాలైంది గానీ, చావు కబురు తెచ్చిన పోస్టు కార్డును గడప లోపల ఉంచుకునే ధైర్యం మాలో ఎవరికీ లేదు. చదివి, కళ్ళు తుడుచుకుని, వాకిట్లోనే ముక్కలు చేసేవాళ్ళం. చిన్నప్పుడు ఆ ముక్కలు ఏరిన దాన్ని నేను. ఇంట్లో ఉండకూడని ఉత్తరం అంటే ఈ జనానికి ఇంకేం గుర్తొస్తుంది? వాళ్ళు నా మాట తూచా తప్పకుండా విన్నారు. వినగా వినగా, ఈ చోటునుంచి వచ్చేది ఈ మనిషికి వద్దు అని మెయిల్ కంపెనీ నేర్చుకుని, తర్వాతి కబుర్లను కంటికి కూడా చూపకుండా చెత్తబుట్టలో వేసింది. చిన్నాయన చీటీలు ఆగింది అతను నొక్కడం మానినందుకు కాదు, కనబడటం ఆగినందుకు. నా పరీక్ష మెయిలు చక్కగా వచ్చిందంటే, నేను ఏనాడూ ఆ బటన్ నొక్కలేదు కాబట్టి.

ఆ చెత్తబుట్టలో మెయిలు ముప్పై రోజులే ఉంటుంది. వేళ్ళమీద లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిదో రోజు.

పెద్దమ్మను బతిమాలి మర్నాడే టేకల్ రైలెక్కించాను. బంగారుపేట దాటేలోపు అంతా చెప్పేశాను, నేను నేర్పిన పాఠం, అందరూ నొక్కిన బటన్, చిన్నాయన నొక్కిన లెక్క. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నాకు భయం వేసింది. వాడే నొక్కుకున్నాడు, వాడి చేతులారా పోగొట్టుకున్నాడు అని అతని మొహం మీదే అంటుందేమో. నెల రోజుల కోపం మరి.

టేకల్‌లో కూతురిది పట్టుపురుగులు పెంచే ఇల్లు. పురుగులున్న గదిలోకి బయటివాళ్ళు రాకూడదు కాబట్టి వసారాలోనే కూర్చున్నాం. చిన్నాయన గడ్డం పెరిగి సగమైపోయాడు. పెద్దమ్మను చూసి లేచి నిలబడ్డాడే గానీ దగ్గరికి రాలేదు. లాప్‌టాప్ ముందు పెట్టి, మెయిల్ తెరవమన్నాను. ఒక్కొక్క అక్షరం వెతికి పాస్‌వర్డ్ కొట్టాడు. స్పామ్ అన్నచోట నేను నొక్కాను.

మూడు కబుర్లు ఉన్నాయి. మూడూ తెరవనివి, మందపాటి అక్షరాలతో. అతను పేర్లు చదివాడు. మొదటి పేరు దగ్గర, వీడూ పోయినాడా అన్నాడు. రెండో పేరును రెండుసార్లు చదివాడు. మూడోది తన జోడీది. నేను తెరిచాను. పెదవులు కదుపుతూ చివరి దాకా చదివి, చివరి వాక్యం దగ్గర వేలు పెట్టి పెద్దమ్మను చూశాడు.

"నాకోసరం చూసినారా వదినా?"

పెద్దమ్మ తలూపింది. అతను మెల్లగా నావైపు తిరిగాడు. తెలివైన మనిషి, కంప్యూటర్ రాకపోయినా.

"దీంట్లోకి ఎట్ల వచ్చినాయి పాపా? నేను నొక్కినందుకేనా?"

నోరు తెరిచాను. నిజం చెప్పడానికో ఇంకేదానికో ఇప్పటికీ తెలియదు. నాకన్నా ముందు పెద్దమ్మ మాట్లాడింది.

"నువ్వేం చేసినావప్పా, నువ్వేం చేయలేదు. ఈ పాప మిషన్‌దే తప్పు. దానికి చేతకాలేదు."

అంతా తెలిసి అన్న మాట. అతనికి తలుపు కూడా తీయని మనిషి అన్న మాట. అతను ఇంకా నా మొహమే చూస్తున్నాడు.

"అవును చిన్నాయనా," అన్నాను. "దానిదే తప్పు."