మెడ మీద చెయ్యి వద్దమ్మా

దర్శి దగ్గర మా ఊరి హైస్కూల్లో మా ఆడపిల్లలకి కుస్తీ నేర్పిన మాస్టారు ఎప్పుడూ గొంతెత్తేవారు కాదు. మేం ఎంత ఊపు మీదున్నా పక్కన గొంతుక్కూర్చుని ఒకే మాట అనేవారు: "మెడ మీద చెయ్యి వద్దమ్మా." మెడ పడితే అవతలివాళ్ల ప్రాణానికే ముప్పని ఆయన భయం.

మాకంటే ముందు ఆయన దగ్గర నేర్చుకున్న ఒక అక్కకి పెళ్లయింది. ఓ సాయంత్రం మిరపకాయల కల్లంలో మొగుడు కొట్టబోతే, నలుగురి ముందే అతన్ని వెల్లకిలా పడేసి కదలకుండా పట్టుకుంది. మర్నాడే పెద్దమనుషులు అతన్ని వెంటబెట్టుకుని బడికొచ్చారు.

"ఆడపిల్లలకి ఇవేం విద్యలు మాస్టారూ?"

"ఆ పట్టు నేను నేర్పిందేనండి," అన్నారాయన. తర్వాత ఆ మొగుడివైపు తిరిగి, "మెడ పట్టుకుందా నాయనా?" అని అడిగారు.

అతను తలొంచుకుని లేదన్నాడు.

ఆ వారంలోనే ఇళ్లల్లో ఆడపిల్లలందర్నీ కుస్తీ మాన్పించారు. ఆయన కొన్నాళ్లు ఒక్కరే మ్యాట్ పరుచుకుని కూర్చున్నారు. చివరికి పెద్దమనుషులు ఆయన్ని బదిలీ చేయించారు. బస్టాండుకి ఆ అక్కా నేనూ వెళ్లాం.

"నా వల్లే కదా సార్," అందామె.

"మళ్లీ చెయ్యెత్తాడా?"

"లేదండి."

ఆయన తలూపి బస్సెక్కారు.

ఆ తర్వాత మా బడిలో ఆడపిల్లలకి కుస్తీ లేదు. ఇప్పుడు బ్రాడీపేటలో, మా అద్దింట్లో, మా అమ్మాయికి ఆ పట్టు నేనే నేర్పుతున్నాను. ఎవరైనా చూస్తారేమోనని ముందు తలుపు గడియ వేస్తాను.