ఓడిన రాజు కోట, మరిచిన సంచీ

మేముండే డ్రోహెడా పక్కనే, బోయిన్ నది ఒడ్డున, మూడు వందల ఏళ్ల కిందట ఒక ఇంగ్లండు రాజు యుద్ధంలో ఓడి ఫ్రాన్సుకు పారిపోయాడు. అక్కడి రాజు ఇచ్చిన కోటలో తలదాచుకున్నాడని తొమ్మిదేళ్ల మా హాసినికి బడిలో చెప్పారు. సరిగ్గా అప్పుడే మా కంపెనీ పారిస్ శివార్లలో కొత్త ఆఫీసు తెరిచి నన్ను అక్కడికి మారమంది. సోమవారం లోగా ఏదో ఒకటి చెప్పాలి. హాసిని రానని మొండికేసింది. ఊరు చూద్దాం, రాజుగారి కోట కూడా చూపిస్తానని బుజ్జగించాను.

శనివారం బయల్దేరాలి, పారిస్ మాకు తూర్పున. ఆ రోజు తూర్పుకు వారశూల, ప్రయాణం కూడదంటారు. అందుకని మా ఆవిడ సుజాత గురువారమే మంచి ఘడియ చూసి, మా వానకోట్లున్న సంచీని పక్కింటి మోయిరా గారింట్లో ప్రస్థానం పెట్టింది. సామాను ముందుగా గడప దాటితే ప్రయాణం మొదలైనట్టే. వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోవాలి. మోయిరా గారు ఎందుకని అడగలేదు. "గ్రాండ్" అని ఇక్కడివాళ్ల పద్ధతిలో సరేనంటూ తన ప్రెస్‌లో, అంటే అలమరాలో, పెట్టుకున్నారు.

తెల్లవారుజామున నాలుగున్నర బస్సు డబ్లిన్ విమానాశ్రయానికి చేరువవుతుండగా సుజాత నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమండీ, సంచీ ఆవిడింట్లోనే ఉండిపోయింది. ఇంక మనం బయల్దేరినట్టే కాదు."

"మరి ఈ బస్సులో ఉన్నదెవరు?" అన్నాను. ఆమె నవ్వలేదు. హాసిని మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. దానికి తెలుగు బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులో ఇస్తుంది.

పారిస్‌లో దిగి, పన్నెండింటికి సబర్బన్ రైలు చివరి స్టేషను సాన్ జెర్మాన్ చేరాం. మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా రాజుగారి కోట, నెత్తిన వాన. పరుగున వెళ్లి టికెట్లు కొన్నాం. పిల్లలకు ఉచితం. ఫ్రెంచి రాజులు తరతరాలుగా ఉండి, చివరికి వెర్సాయ్‌కి మారిపోతే ఖాళీ అయిన కోట ఇది. తర్వాత కొంతకాలం సైనిక జైలు. ఇప్పుడు పురావస్తు మ్యూజియం. రాతి గొడ్డళ్లు, ఎముకలు బోలెడు ఉన్నాయి గానీ రాజుగారి కుర్చీ ఒక్కటీ కనబడలేదు. కుతూహలం ఆగక, ఓడిన ఇంగ్లండు రాజు ఉన్నది ఇక్కడేనా అని అక్కడున్న ఉద్యోగినిని అడిగాను.

"ఇక్కడే ఉన్నారు. తిరిగి వెళ్తాననే అనుకున్నారు. సమాధి ఆ ఎదురు చర్చిలో ఉంది" అందావిడ.

"హీ నెవర్ గాట్ హోమ్, నాన్నా?"

లేదన్నాను. అది కిటికీ దగ్గరికి వెళ్లి వానలో ఆ చర్చి కేసి చూసింది.

వాన వెలిశాక అద్దె ఇళ్లు రెండు చూశాం. సుజాతకు వంటగది నచ్చింది. నాకూ ఊరు నచ్చింది, అబద్ధమెందుకు. ఆ రాత్రి స్టేషను దగ్గరే చిన్న హోటల్లో పడుకుని ఆదివారం తిరుగు ప్రయాణమయ్యాం. వెళ్లాలనుకునేవాళ్లు కోటకు సగం రోజు, చర్చికి అరగంట ఉంచుకోండి. వానకోట్లు మరవకండి.

సాయంత్రం మేం బస్సు దిగి ఇల్లు చేరేసరికి మోయిరా గారు సంచీతో గేటు దగ్గరికి వచ్చారు. హాసిని దాన్ని రెండు చేతులతో ఆవిడ వైపే నెట్టింది.

"కీప్ ఇట్, ప్లీజ్. వీ నెవర్ లెఫ్ట్."

సుజాత నావైపు చూసి, "శాస్త్రం మీ కూతురి పక్షానే ఉందండీ" అంది.

సోమవారం, పారిస్‌కు మారలేనని ఆఫీసుకు రాశాను. సంచీ ఇంకా మోయిరా గారి ప్రెస్‌లోనే ఉంది. వాన పడ్డప్పుడల్లా వెళ్లి కోట్లు అడిగి తెచ్చుకుంటున్నాం.