కొత్తిమీర మీద మిగిలినది

ఎనభైల తొలినాళ్లలో ఒక శనివారం. తిరుపతిలో నేను వృక్షశాస్త్రం బోధించే కళాశాల నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి నా భార్య పద్మ వంటింటి గడప దగ్గర కూలబడి ఉంది. చీర చెమటతో తడిసింది. నోట్లో నీళ్లు ఆగకుండా ఊరుతున్నాయి. నా వాటా కొత్తిమీర పచ్చడి గిన్నెలో మూతపెట్టి ఉంది.

"పచ్చడి చేదుగా ఉండింది," అన్నది.

"ఉమ్మేయకపోయినావా?"

"స్వామికి ఆరగింపు చేసింది ఎట్ల ఉమ్మేసేదండీ?"

ఆరగింపు కాకముందు మా ఇంట్లో ఏదీ రుచి చూడరు.

ఆస్పత్రిలో వాంతులు మొదలయ్యాయి, చేతులు వణికాయి. పచ్చడి సంగతి విని యువ డాక్టరు ఆమె కళ్లలోకి టార్చి వేసి చూశారు. "ప్యూపిల్స్, కంటిపాపలు, చిన్నగా ఉన్నాయి. కూరాకులకు మందేమైనా కొట్టినారా?"

"లేదు," అన్నాను.

అది అబద్ధమని అప్పుడు నాకు తోచలేదు. ఆ కొత్తిమీర మా కళాశాలలో మొక్కలు పెంచే గాజుగదిలో పెరిగింది. పేనుబంక పురుగు పడితే, రసాయనాలు వద్దని, పొగాకు కషాయంలో సబ్బునీళ్లు కలిపి ముందురోజు సాయంత్రం నేనే కొట్టించాను. పొద్దున ఇంటికి పంపేందుకు కట్ట కోస్తుంటే తోటమాలి మునిరత్నం అడ్డుపడినాడు.

"రెండు దినాలు ఆగండి సార్. ఈడ వాన పడదు, గాలి కొట్టదు. ఘాటంతా ఆకు మీదనే ఉండాది."

"ఆకు రసమే కదప్పా. కడిగితే పోతుంది," అన్నాను. పొగాకులోని నికోటిన్ విషమని తరగతిలో చెప్పేవాణ్ణి నేనే. ఎవరేమి చెప్పినా ఆధారమేదని అడిగేవాణ్ణి కూడా నేనే.

ఫుడ్ పాయిజనింగ్ అనుకొని సెలైన్ ఎక్కించారు. క్రమంగా ఆమె కాళ్లు కదపలేకపోయింది. ఊపిరి పైపైనే ఆడసాగింది. ఆక్సిజన్ పెట్టారు. అప్పుడు పెద్ద డాక్టరు వచ్చారు.

"మాస్టారూ, మందు సంగతి వదిలేయండి. ఆ ఆకు మీద నీళ్లు తప్ప ఇంకేం పడింది?"

చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా నర్సుతో, "స్టమక్ వాష్. అట్రోపిన్ తెండి," అన్నారు.

రెండు రోజుల తర్వాత పద్మ లేచి నడిచింది. మిగిలిన పచ్చడిని పరీక్షించే వసతి నాకెక్కడా దొరకలేదు. కాబట్టి నికోటినే కారణమని నిరూపించానని రాయలేను. లక్షణాలు సరిపోయాయి, అంతవరకే. నేనన్న "లేదు"కు మాత్రం ఏ పరీక్షా అక్కరలేదు.

ఇప్పుడామె ఆరోగ్యంగా ఉంది. ఆరగింపుకు ముందు నేటికీ రుచి చూడదు. అందుకని ఆకుకూర గడప దాటకముందే, వీధిలో నిలబడి ఒక ఆకు నేను నమిలి చూస్తాను. ఒక ఆకు ఏమీ నిరూపించదని తెలిసినా.

మందేమైనా కొట్టినారా అని ఆస్పత్రిలో మిమ్మల్ని అడిగితే, అది మందా కాదా అని మీరు తేల్చకండి. ఆకు మీద ఏది పడిందో, ఎప్పుడు పడిందో అంతా చెప్పండి. అది చెప్పడానికి నాకు గంటన్నర పట్టింది.