పోయొస్త అనని మనిషి

నాచారంలో ఫ్యాక్టరీ కొలువు చేసి దిగిపోయిన ఆ మనిషి, 'గో' అనే జపాన్ రాళ్లాట మీద జపాన్ భాషలో ఉన్న తన పుస్తకాలన్నీ మా ఉప్పల్ ధర్మ దుకాణానికి తెచ్చిచ్చాడు. అమ్మితే వచ్చేది పేదరోగుల మందులకు.

ముసలితనంలో అక్షరాలు నేర్చిన నేను, వాటిని మన పుస్తకాల్లాగే ఎడమ నుంచి తెరుచుకునేలా పేర్చాను. "అక్కా, మనం చివర అనేదే జపానోళ్లకు మొదలు" అంటూ, రాయి పెట్టినట్టు రెండు వేళ్లతో ఒక్కోటీ తిప్పాడు.

"అన్నీ ఇచ్చేస్తే నువ్వేం సదువుతవ్ తమ్మీ?"

"ఎల్లుండి గుండె ఆపరేషన్ అక్కా. ఇగ ఏం సదువుత?"

లేచి, "పోతున్న" అన్నాడు.

"నీ నోట్ల మన్నువడ! గట్లంటరా? పోయొస్త అను."

నవ్వాడు గాని అనలేదు.

ఆపరేషన్ రోజు దాటిపోయింది. అతనిచ్చిన నంబరుకు చేస్తే ఫోన్ ఎవరూ ఎత్తడం లేదు. ఆ పుస్తకాలు బల్ల కింద దాచి, కొనేవాళ్లు వస్తే అమ్ముడుపోయాయని చెబుతున్నాను.