రాదని రాసి సంతకం పెట్టండి

వెంకటరత్నమ్మ గారు పోయారు. మొన్న ఆదివారం ఉదయం, గుంటూరులో, గుండె ఆగి. ఆ దుర్వార్త చేరినప్పుడు నేను ప్రయోగశాలలో ఎలుకలకు నూకలు వేస్తున్నాను. దుఃఖం తరువాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. దాన్ని దాచుకోను.

మా ఆడపిల్లల కళాశాలలో ఆవిడ జంతుశాస్త్ర అధ్యాపకురాలు. నేను ఆవిడ శిష్యురాలిని, తరువాత సహాయకురాలిని. విదుషీమణి, నిరాడంబర అని సంతాపసభలో గొంతులు గద్గదమయ్యాయి. ఆ గొంతుల్లో సగం ఆవిడను బతికుండగా 'ఎలుకల పంతులమ్మ' అని వెక్కిరించినవే.

ఒకసారి పత్తితీత రోజుల్లో ఆవిడ స్వగ్రామానికి వెళ్లాం. ఈ పదేళ్లుగా మన చేలకు అలవాటైన పురుగుమందు పొడి గుడ్డసంచుల్లో వస్తుంది కదా. ఖాళీ సంచిని పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఒక ఉడుకు ఉడికించి కూలి ఆడవాళ్లు రవికలు కుట్టుకునేవారు. మాణిక్యమ్మ అనే కూలి రొమ్ములో గడ్డతో మంచాన పడి ఉంది. ఆమె రవిక మీద సంచి ముద్ర ఇంకా చెరగలేదు.

"ఎన్నాళ్లుగా తొడుగుతున్నావమ్మా?" అని వెంకటరత్నమ్మ గారు అడిగారు.

"మూడేళ్లనుంచీ ఇవేనమ్మా. గట్టి గుడ్డ, చిరిగి చావదు."

తిరిగొచ్చి బస్సు దిగాక ఆవిడ, "ఒక్క మాణిక్యాన్ని చూసి తేల్చకూడదు" అన్నారు. మర్నాడే బోనులు సిద్ధమయ్యాయి. కొన్ని ఆడ ఎలుకలకు పొడి కలిపిన మేత, కొన్నిటికి వట్టి నూకలు. నెలలు గడిచేసరికి పొడి తిన్నవాటికే చన్నుల్లో గడ్డలు ఎక్కువగా లేచాయి. "రుజువైపోయిందండీ!" అని నేను గంతేస్తే కసిరారు.

"ఎలుక మనిషి కాదే! కానీ ఎలుక చెప్పేది వినకుండా, మనుషులు చచ్చాక లెక్కేద్దాం అనడం శాస్త్రం కాదు, పాపం."

నివేదిక పట్టుకుని, ఆ పొడిని ఊరూరా పంచే అధికారి దగ్గరికి వెళ్లాం.

"మేమూ ఎలుకల మీద చూశాం లెండి. ఏమీ రాలేదు" అన్నాడాయన.

"ఆడవా, మగవా?"

"మగవేనండి. ఆడవాటితో పేచీ ఎక్కువ."

"మగ ఎలుకలు రవికలు తొడుక్కుంటాయా బాబూ?"

ఆయన నవ్వేశాడు. "ఎలుకలకొస్తే ఆడవాళ్లకొస్తుందా అండీ!"

"రాదని రాసి సంతకం పెట్టండి. రేపే నా బోనులు ఖాళీ చేస్తాను."

పెన్ను మూత కూడా తియ్యలేదు ఆ మహానుభావుడు. నివేదిక బీరువాలోకి పోయింది. మాణిక్యమ్మ తొలకరికి ముందే కాటికి పోయింది. సంచులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

సంతాపసభకు ఆ అధికారే అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. సభ ముగియగానే మా ప్రిన్సిపాలు గారు, "ఆ ఎలుకల గది ఖాళీ చేసెయ్యమ్మా, బల్లలు వేయిద్దాం" అన్నారు. పక్కన ఆ అధికారి తల ఊపాడు. నేను ఒక తెల్లకాగితం తీసి ఇద్దరి ముందూ పెట్టాను.

"రాదని రాసి సంతకం పెట్టండి."

ఇద్దరూ కాఫీలు చల్లారిపోతున్నాయని లేచారు.

అమ్మా, మీ స్థానాన్ని పూరించగల విద్వత్తు నాకు లేదు, ఈ జిల్లాలో ఎవరికీ లేదు. కానీ గది తాళంచెవి నా కొంగుముడిలో ఉంది. ఈ ఉదయం కూడా మేత వేసే వచ్చాను.